అప్పగింత కాలమ్ ఖాళీగా ఉన్న లాగ్ బుక్: రిటైరైన ఒక టర్బైన్ ఆపరేటర్ కేసు

ఈ కేసు రాయాలని చాలా రోజుల్నించి అనుకుంటున్నా. ఆయన్ని అడిగితే "పేరు మాత్రం వద్దమ్మా, మిగతాదంతా రాసుకోండి, ఎవరికైనా పనికొస్తే మంచిదేగా" అన్నారు. అందుకే పేరు లేదు, ఊరు లేదు, గుర్తుపట్టేలా ఉండే వివరాలు కొన్ని మార్చేశా. నేను చేసిన పొరపాట్లు మాత్రం మార్చలేదు, అవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నేను కౌన్సెలింగ్ సైకాలజిస్టుని, నా దగ్గరికొచ్చేవాళ్ళలో అరవై దాటినవాళ్ళే ఎక్కువ. ఆయన వయసు 61, థర్మల్ పవర్ ప్లాంట్‌లో టర్బైన్ సైడు 34 ఏళ్ళు షిఫ్ట్ డ్యూటీ చేశారు, రిటైరై అప్పటికి 14 నెలలు. కానీ మొదట వచ్చింది ఆయన కాదు, ఆయన భార్య. కూర్చోగానే బ్యాగులోంచి ఒక పొడుగు రిజిస్టర్ తీసి టేబుల్ మీద పెట్టి "ముందు ఇది చూడండి, తర్వాత మాట్లాడతా" అన్నారు. తెరిచి చూస్తే స్కేలు పెట్టి గీసిన గళ్ళు, గుండ్రటి చేతిరాత, కొట్టివేతలు అసలు లేవు. ఒక పేజీ ఇలా ఉంది:

05.40 లేచాను
06.00 మోటర్ ఆన్
06.22 మోటర్ ఆఫ్, ట్యాంక్ ఫుల్
07.00 నార్మల్
08.00 నార్మల్
09.00 నార్మల్
09.15 ఆమె బయటికి వెళ్ళింది
10.05 ఆమె వచ్చింది
11.00 నార్మల్

"నేను వెళ్ళి రావడానికి 50 నిమిషాలు పట్టిందని రాసిపెట్టుకున్నారమ్మా ఈయన, నేనేమైనా మిషన్నా" అని ఆమె ఏడుపు ఆపుకుంటూ నవ్వారు. 34 ఏళ్ళు ఆయన డ్యూటీల్లో ఉంటే ఇల్లు మొత్తం ఆమె చేతిమీదే నడిచింది, ఇప్పుడేమో కుర్చీలోంచి లేస్తే ఎక్కడికి అంటారట, ఫోన్ మాట్లాడితే ఎవరు అంటారట, వంటింట్లో డబ్బాలన్నీ సైజు ప్రకారం సర్దేశారట, ఆమెకి ఏదీ దొరకట్లేదట. కొడుకేమో ఆ పుస్తకం పారేయమంటున్నాడు, కూతురేమో నాన్నకి మతిమరుపు మొదలైందేమో చూపించమంటోంది.

జపాన్‌లో ఇలాంటి భర్తల్ని "తడిసిన రాలుటాకు" అనే అర్థమొచ్చే మాటతో వెక్కిరిస్తారు, ఎంత ఊడ్చినా చీపురుకి అంటుకుని వదలదని. అక్కడి డాక్టరు నొబువో కురొకవా 1991లో, మొగుడు రిటైరయ్యాక భార్యలకి వచ్చే తలనొప్పులు, కడుపునొప్పులు, నిద్ర పట్టకపోవడం అన్నిటికీ కలిపి ఒక పేరే పెట్టాడు, మొగుడు ఇంట్లో ఉండటం వల్ల వచ్చే స్ట్రెస్ జబ్బు అనే అర్థమొచ్చేలా. ఆ పేరు నాకు పెద్దగా నచ్చదు, ఆ మనిషే ఒక జబ్బు అన్నట్టుంటుంది, కానీ ఎదురుగా కూర్చున్న ఆమె మొహం చూస్తే మాత్రం ఆ డాక్టరు దేన్ని చూసి ఆ పేరు పెట్టాడో తెలుస్తుంది.

వారం తర్వాత ఆయన వచ్చారు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చెప్పిన టైముకి సరిగ్గా 10 నిమిషాల ముందు. నేనేం అడిగినా "ఆ... బానే ఉందమ్మా" తప్ప ఇంకో మాట లేదు. పెద్దవయసు వాళ్ళకి వాడే డిప్రెషన్ స్కేల్ ఉంది, 15 ప్రశ్నలది, అవును కాదు అంటే చాలు, 5 దాటితే కాస్త ఆలోచించాలి. ఆయనకి 8 వచ్చింది. ఇలాంటప్పుడు నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది, డొంకతిరుగుడు లేకుండా అడుగుతా, "చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందా సార్" అని. కాసేపు ఊరుకుని "అట్లా ఏం లేదు. పొద్దున లేవకపోతే మాత్రం ఎవరికీ ఏమీ ఆగదు కదా అనిపిస్తుంది" అన్నారు. ఈ మాటని తేలిగ్గా తీసుకోకూడదు. చాలా దేశాల్లో ఆత్మహత్య రేటు ఎక్కువగా కనిపించేది పెద్దవయసు మగాళ్ళలోనే, వాళ్ళు గోల చెయ్యరు, ఇంత మెత్తగానే చెప్తారు. ప్లాన్ ఏమీ లేదని, ముందెప్పుడూ ప్రయత్నించలేదని తేల్చుకుని, భార్యని కూడా కూర్చోబెట్టి ఏం జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో రాసుకున్నాక గానీ ఆ సెషన్ ముగించలేదు.

అదే రోజు మెమరీ స్క్రీనింగ్ కూడా పెట్టా. 30 మార్కులకి 26 వస్తే నార్మల్ అనుకుంటాం, ఆయనకి 22. భార్య మొహం పాలిపోయింది. నా మొదటి పొరపాటు ఇక్కడే జరిగింది. ఆ టెస్టులో అయిదు మాటలు చదివి వెంటనే తిరిగి చెప్పమంటాం, అయిదు నిమిషాలాగి మళ్ళీ అడుగుతాం. ఆయన వెంటనే చెప్పమన్నప్పుడే రెండు మాటలు వేరేవి చెప్పారు, దాదాపు అదే సౌండు వచ్చే వేరే మాటలు. వెంటనే చెప్పమన్నప్పుడే అదే సౌండున్న ఇంకో మాట వస్తే, మర్చిపోయాడా అని కంటే ముందు సరిగ్గా వినపడిందా అని అనుమానించాలి. ఇది నాకు అప్పుడే తట్టాలి, తట్టలేదు, 22 అని రాసుకుని ఊరుకున్నా.

మూడో సెషన్లో కిటికీ వెయ్యడానికి లేచి అటు తిరిగి ఏదో అడిగా, జవాబు లేదు. వెనక్కి తిరిగితే ఆయన నా పెదాల వైపు చూస్తూ రెడీగా కూర్చుని ఉన్నారు, నేను ఏదో అడిగానని కూడా ఆయనకి తెలీదు. అప్పుడు వెలిగింది. 34 ఏళ్ళు టర్బైన్ ఫ్లోర్ మీద ఉన్న మనిషి, 8 గంటలకి 85 డెసిబెల్స్ దాటితే చెవికి మంచిది కాదంటారు, అక్కడ మోత దానికంటే ఎక్కువే, పక్కోడితో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి. ఆ రోజుల్లో ఇయర్ మఫ్స్ పెట్టుకునేవారా అంటే "బేరింగ్ సౌండ్ వినపడదని తీసేసేవాళ్ళం" అన్నారు. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్, తీయిస్తే రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర గొయ్యి, అంటే ఆ సన్నటి శబ్దాల దగ్గర వినికిడి పడిపోయింది, మోతలో పనిచేసినవాళ్ళ గ్రాఫ్‌లో కనిపించే గొయ్యి అది, దాని మీద వయసు వల్ల తగ్గింది ఇంకొంత. ఎదుటివాళ్ళ గొంతు వినపడుతుంది, మాట విడిపోదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే ఇంకేమీ అర్థం కాదు. మనవలొచ్చినప్పుడు లేచి బయట కూర్చుంటున్నారని, ఎవరితోనూ కలవట్లేదని భార్య చెప్పినప్పుడు నేను "డిప్రెషన్ వల్ల" అని రాసుకున్నా, అందులో సగం చెవులదే.

ఇంట్లో పెద్దాయన డల్ అయిపోయాడు అంటే ముందు చెవులు, థైరాయిడ్, బి12, వేసుకునే మాత్రలు చూసి తర్వాత మనసు దగ్గరికి రండి. నేను రివర్స్‌లో వెళ్ళా. ఈయనకి థైరాయిడ్ బాగానే ఉంది, బి12 కొద్దిగా తక్కువుంటే డాక్టరు ఇచ్చారు. మాత్రల్లో మాత్రం ఒకటి దొరికింది. నిద్ర పట్టట్లేదని ఎవరో చెప్తే రోజూ రాత్రి జలుబుకి వేసుకునే పాతరకం ఎలర్జీ మాత్ర వేసుకుంటున్నారు, మత్తొస్తుంది కదా అని. ఆ రకం మాత్రలు పెద్దవాళ్ళలో జ్ఞాపకశక్తిని మసకబారుస్తాయి, యూరిన్ ఆపుతాయి, పడిపోయేలా చేస్తాయి. పెద్దవాళ్ళకి వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల జాబితా అని అమెరికాలో 1991లో మొదలైంది ఒకటి, బీర్స్ జాబితా అంటారు, అందులో ఇవి ఉంటాయి. డాక్టరు మానిపించారు. ఇంతకీ ఆ నిద్ర సంగతేంటని అడిగితే రాత్రి 8కి పడుకుని 3కి లేస్తున్నారట. చెయ్యడానికేమీ లేక 8కి పడుకుంటే 3కి మెలకువ రావడం జబ్బు కాదు, లెక్క. 7 గంటలు అయిపోయాయి. పదిన్నర దాకా మంచం ఎక్కొద్దు, మధ్యాహ్నం కునుకు అరగంట దాటొద్దు అని చెప్తే మూడు వారాల్లో అది దానంతటదే సర్దుకుంది.

ఇప్పుడు రెండో పొరపాటు, ఇది కాస్త సిగ్గుగానే రాస్తున్నా. రిటైరైనవాళ్ళ డిప్రెషన్‌కి నేను మామూలుగా చేసేది బిహేవియరల్ యాక్టివేషన్, మనసు బాగయ్యాక పనులు చేద్దాం అని కూర్చోకుండా పనులు మొదలుపెడితే వెనకాలే మనసు కదులుతుంది అనే పద్ధతి, డెబ్భైల్లో లెవిన్సన్ అనే సైకాలజిస్టు వాళ్ళు మొదలెట్టింది, బాగా పనిచేస్తుంది కూడా. సో నేను షెడ్యూల్ వేసి ఇచ్చా: ఉదయం వాకింగ్ గ్రూపు, వారానికి మూడు రోజులు మొక్కలు, రోజుకి ఒక ఫోన్ కాల్, ప్రతిదానికీ మూడ్ ఎంత ఉందో 0 నుంచి 10 లోపు నంబర్. ఆయన ఒక్కరోజు కూడా తప్పకుండా చేసుకొచ్చారు. పుస్తకంలో రెండు వారాలు నిండా: వాకింగ్ 5, మొక్కలు 5, ఫోన్ 5, వాకింగ్ 5. అన్నీ 5లే.

"ఇదేంటి సార్ అన్నీ ఒకటే ఉన్నాయి" అంటే "నార్మల్ అమ్మా" అన్నారు.

నేను ఆయనకి ఇచ్చింది కూడా ఇంకో డ్యూటీయే, పైగా దేనికీ పనికిరాని డ్యూటీ. మొక్కకి నీళ్ళు పొయ్యకపోతే ప్లాంట్‌లో ఏ యూనిట్టూ ట్రిప్ అవ్వదు, అంటే ఉన్నట్టుండి ఆగిపోదు, ఎవరూ ఫోన్ చేసి అడగరు. "ఏదైనా హాబీ పెట్టుకోండి సార్" అనే మాట మనం ఎంత ఈజీగా అనేస్తామో కదా, నలభై ఏళ్ళు లేని హాబీ అరవై ఒకటో ఏట ఎక్కడ్నుంచి వస్తుంది.

1967లో హోమ్స్, రాహే అని ఇద్దరు జీవితంలో వచ్చే మార్పులకి స్ట్రెస్ పాయింట్లు ఇస్తూ 43 అంశాల స్కేలు తయారుచేశారు, భార్యో భర్తో చనిపోతే 100. అందులో ఉద్యోగంలోంచి తీసేస్తే 47, రిటైరైతే 45. దండేసి ఫోటో తీసి గౌరవంగా పంపినా, పొమ్మని పంపినా రెండే పాయింట్ల తేడా! పాతకాలపు స్కేలే, లోపాలున్నాయి, అయినా ఆ రెండు పాయింట్ల తేడా నాకెప్పుడూ గుర్తుంటుంది. ఇంకా రిటైర్మెంట్‌కి దశలు చెప్పినాయన ఉన్నాడు, రాబర్ట్ యాచ్లీ, డెబ్భైల్లో, మొదట హనీమూన్, తర్వాత నిరుత్సాహం, తర్వాత కొత్తగా సర్దుకోవడం అని. ఈయనకి మొదటి మూడు నెలలు అలాగే గడిచాయి, ఇల్లంతా వైరింగ్ మార్చారు, చుట్టాలందరి ఇళ్ళకీ తిరిగొచ్చారు. దశలు మెట్లలాగా వరసగా ఉంటాయనుకుంటే మాత్రం మోసపోతాం, కొందరు రెండో మెట్టు మీదే పదేళ్ళు కూర్చుంటారు.

అయిదో సెషన్లో షెడ్యూల్ పక్కన పెట్టేశా. ఆయన పుస్తకాన్నే మళ్ళీ మొదట్నించి తిరగేశా, ఈసారి సైకాలజిస్టులా కాకుండా ఊరికే చూస్తూ. అప్పుడు కనపడింది, ఇన్ని వారాలు కళ్ళముందే ఉన్నది. ప్రతిరోజూ మూడు చోట్ల అడ్డగీత ఉంది, 6 గంటలకి, 14 గంటలకి, 22 గంటలకి. గీత కింద రెండు గళ్ళు, చార్జి ఇచ్చినవారు, చార్జి తీసుకున్నవారు. మొదటి గడిలో ఆయన సంతకం. రెండో గడి ఖాళీ. పేజీ తిప్పా, ఖాళీ. ఇంకో పేజీ, ఖాళీ. పది నెలల పుస్తకం, రోజుకి మూడు, ఒక్కటి కూడా నిండలేదు.

వేలు పెట్టి చూపించి "ఇక్కడ ఎవరు సంతకం పెట్టాలి సార్" అన్నా. చాలాసేపు మాట్లాడలేదు. అప్పటికి హియరింగ్ ఎయిడ్స్ వచ్చి నాలుగు రోజులైంది, వినపడకపోవడం కాదు.

తర్వాత ఆయన చెప్పింది ఇది. షిఫ్ట్‌లో రిలీవర్, అంటే తర్వాతి షిఫ్ట్ తీసుకునేవాడు, వచ్చేదాకా కుర్చీ వదలకూడదు. వచ్చినవాడికి మిషన్ ఎలా ఉందో చెప్పాలి, ఏ బేరింగ్ వేడెక్కుతోంది, వైబ్రేషన్ ఎక్కడ పెరిగింది, ఏ పంపు రిపేర్లో ఉంది, వాడు రీడింగులు చూసుకుని సంతకం పెట్టాక అప్పుడు ఇంటికి. వాన పడ్డా, రిలీవర్ నాలుగు గంటలు లేటైనా అంతే. చివరిరోజు మాత్రం సన్మానం టైమైపోతోందని పైవాళ్ళు కబురు మీద కబురు పెడితే పక్క డెస్క్ కుర్రాడు "మీరెళ్ళండి సార్ నేను చూసుకుంటా" అని లేపేశాడట. లాగ్ షీట్ మీద ఆయన సంతకం ఉంది, అవతలి సంతకం పడకుండానే వచ్చేశారు. "34 ఏళ్ళలో అదొక్కటేనమ్మా" అన్నారు.

ఇది వింటే కథలా ఉందని నాకూ అనిపించింది, కారణం ఇదే అని నేను అనను. ఆ రోజు సంతకం పడి ఉంటే ఈయనకి డిప్రెషన్ వచ్చేది కాదని ఎవరు చెప్పగలరు. చెవులున్నాయి, మాత్ర ఉంది, షిఫ్టులకి అలవాటైన ఒళ్ళుంది. కానీ ఆయన మనసు తన బాధని ఆ గడిలో పెట్టుకుంది, కాబట్టి నేనూ అక్కడికే వెళ్ళాలి.

ఆ రోజు నుంచి నంబర్లు మానేశాం. మూడ్‌ని ఆయన భాషలోకి మార్చా, మూడ్ బాగా పైకెళ్తే "హై" అలారం, బాగా పడిపోతే "లో" అలారం, రెండూ లేకపోతే ఏమీ రాయక్కర్లేదు. చిత్రం ఏంటంటే 5 తప్ప ఇంకో నంబర్ ఎరగని మనిషికి ఒక్క వారంలో "లో" అలారాలు 11 వచ్చాయి, వాటిలో 8 ఆ మూడు టైముల చుట్టూనే ఉన్నాయి. షిఫ్ట్ మారే టైములు. మధ్యాహ్నం రెండుకి ఇంట్లో ఎవరూ లోపలికి రారు, బయటికి పోరు, ఒళ్ళు మాత్రం ఎవరో వస్తారని ఎదురుచూస్తుంది.

ఇక్కడ నాకో బ్రహ్మాండమైన ఐడియా వచ్చింది, భార్య చేత రెండో గడిలో సంతకం పెట్టిస్తే ఎలా ఉంటుందని. ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పా. ఆమె నా వైపు ఒక చూపు చూసి "నేను పెట్టనమ్మా. ఆయన షిఫ్ట్ నేనెందుకు తీసుకోవాలి, నా షిఫ్ట్ నన్నెవరు దించారు ఇన్నేళ్ళల్లో" అన్నారు. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. రిటైరైంది ఆయన, డ్యూటీ పెరిగింది ఆమెకి, ఆమెకి ఆ డిప్రెషన్ స్కేల్ పెట్టాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా. ఆ రోజే పెట్టా, 6 వచ్చింది. తర్వాత ఆమెకి వేరే టైము ఇచ్చి విడిగా చూశా, అది ఇంకో కేసు, ఇక్కడ రాయను. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆమె ఎక్కడికెళ్ళినా ఏం చేసినా పుస్తకంలో రాయకూడదని మాత్రం ఒక ఒప్పందం కుదిరింది, వంటింటి డబ్బాలు కూడా వాటి పాత చోట్లకి వెళ్ళిపోయాయి.

పుస్తకం ఆపించాలా వద్దా అన్నది అసలు సమస్య. కొడుకు ఫోన్ చేసి "ఇంకా రాయిస్తున్నారా మీరు" అని కోప్పడ్డాడు. నాకూ డౌటే. ఆయన్నే అడిగా, రేపట్నించి రాయకపోతే ఏమవుతుంది సార్ అని. అప్పుడాయన మొదటిసారి కుర్చీలో ముందుకి జరిగి పాఠం చెప్పినట్టు చెప్పారు. "నిమిషానికి 3000 సార్లు తిరిగే రోటరమ్మా అది, టన్నుల బరువు, లోపల నిప్పులా ఉంటుంది. యూనిట్ ట్రిప్ అయితే స్టీమ్ ఆగిపోద్ది, తిరిగీ తిరిగీ స్పీడ్ తగ్గుద్ది. కానీ దాన్ని పూర్తిగా ఆగనివ్వం. వేడి మీద ఆగితే కింద సగం ముందు చల్లారి పైన సగం వేడిగా ఉండిపోద్ది, రోటర్ వంగిపోద్ది. అందుకే బారింగ్ గేర్ అని ఉంటది, మోటరు పెట్టి మెల్లగా తిప్పుతానే ఉంటాం, చల్లారేదాకా. గంటలు పట్టుద్ది, ఒక్కోసారి రోజులు పట్టుద్ది. కరెంటేమీ రాదు దాంతో. వంగకుండా ఉండటానికంతే."

చెప్పేసి ఆగిపోయారు. తను ఏం చెప్పారో తనకీ అప్పుడే వినపడినట్టుంది. నేను కూడా ఊరుకున్నా. థెరపిస్టులం ఇలాంటప్పుడు నోరు తెరిచి "అంటే మీరు కూడా..." అని వివరించబోయి పాడుచేస్తాం, నేను చాలాసార్లు చేశా, ఈసారి కిందపడ్డ పెన్ను క్యాప్ ఏరుకుంటూ కూర్చున్నా.

ప్లాన్ ఆయనే వేశారు. మొదటి నెల గంటకోసారి కాకుండా నాలుగు గంటలకోసారి. తర్వాత పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. తర్వాత రోజుకి ఒక్క లైను. వాకింగ్ గ్రూపు మానేశారు, నచ్చలేదట, నేనూ బలవంతం చెయ్యలేదు. దాని బదులు సెషన్లలో ప్లాంట్ గురించి చెప్పించుకున్నా, మొదటిసారి యూనిట్ ట్రిప్ చేసిన రాత్రి, తన తప్పు వేరేవాడి మీద పడితే మూడు రోజులు ఆగి వెళ్ళి ఒప్పుకున్న సంగతి. పెద్దవాళ్ళు పాతవి చెప్పుకోవడం చాదస్తం కాదని, జీవితాన్ని లెక్క చూసుకోవడమని రాబర్ట్ బట్లర్ అనే సైకియాట్రిస్టు 1963లోనే రాశాడు. పొగడ్తలే గుర్తుచేసుకుంటే ఆ పని జరగదు, తప్పుల దగ్గర ఆగాలి, ఆయన ఆగారు.

మధ్యలో ఒకసారి వెనక్కి వెళ్ళాం. ఆయన పాత రిలీవర్ని కలవడానికి వెళ్ళారు, నాకు చెప్పకుండా. చివరి రోజు సంగతి అడిగితే అతను "ఏ రోజు సార్? ఓ అదా, నేనే వచ్చి క్లోజ్ చేశా కదా, ఇప్పుడా షీట్లే లేవు, అంతా సిస్టమ్‌లోనే" అన్నాడట మంచిగానే. ఈయన ఇంటికొచ్చి రెండు వారాలు మళ్ళీ గంటకోసారి రాశారు, స్కోరు 9కి పోయింది, మొదటిరోజు కంటే ఎక్కువ. సైకియాట్రిస్టుకి చూపించి మందు అవసరమా అని అడిగాం, ఇంకో నాలుగు వారాలు చూద్దామన్నారు, ఆ నాలుగు వారాలు నేను వారానికి రెండుసార్లు చూశా. అతను మర్చిపోవడం మీద ఆయనకి కోపమని నేననుకున్నా, "కాదమ్మా, అతనికది మామూలు రోజు, నేనే దాన్ని పట్టుకుని కూర్చున్నా" అని నవ్వబోయి నవ్వలేకపోయారు. బాగయ్యేముందు ఇలా జరుగుతుందని నేను చెప్పలేను, అందరికీ జరగదు, ఈయనకి జరిగింది.

హియరింగ్ ఎయిడ్స్‌తో మొదట్లో పెద్ద గొడవే, పేపర్ తిప్పితే చెవిలో చింపినట్టుందని, ఫ్యాను మోతని. అలవాటవ్వడానికి వారాలు పడుతుందని ముందే చెప్పబట్టి సొరుగులో పడెయ్యలేదు. రెండో నెలలో వచ్చి చాలా సీరియస్‌గా చెప్పారు, "మా ఆవిడ వంటింట్లో నన్ను తిడుతోందమ్మా, చిన్నగా, తనలో తనే. ఎప్పట్నించో ఏమో, నాకిప్పుడు తెలిసింది." పక్కనే ఉన్న ఆమె "ముప్పై ఏళ్ళ నుంచి" అన్నారు.

2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ డిమెన్షియాకి, అంటే మతిమరుపు జబ్బుకి, సంబంధించి మనం మార్చుకోగలిగిన 14 రిస్కులు చెప్పింది, వినికిడి తగ్గడం వాటిలో ఒకటి, కాబట్టి చెవి మిషన్ పెట్టుకోవడం ముసలితనం ఒప్పుకోవడం అనుకునేవాళ్ళకి ఇది చూపిస్తుంటా. ఆరో నెలలో అదే మెమరీ టెస్టుకున్న ఇంకో వెర్షన్ పెట్టా, మిషన్ చెవిలో ఉండగా. 27. కూతురికి నేనే ఫోన్ చేసి చెప్పా.

తొమ్మిదో నెలకి డిప్రెషన్ స్కోరు 3. మధ్యాహ్నం రెండు గంటలకి వచ్చే "లో" అలారం మాత్రం పూర్తిగా పోలేదు, వారానికి ఒకటో రెండో ఉంటాయి, ఆ టైముకి ఆయన ఇప్పుడు గేటు బయటికి వెళ్ళి కాసేపు నిలబడి వస్తారు, ఎందుకో నేనడగలేదు. చివరి సెషన్‌కి పుస్తకం తెచ్చారు. రోజుకి ఒక్క లైనే, గీతల్లేవు, గళ్ళు లేవు. తిరగేస్తుంటే మంగళ, బుధవారాలకి ఏమీ లేదు. "ఇదేంటి సార్ రెండు రోజులు ఖాళీ" అన్నా.

ఆయన పుస్తకం లాక్కుని చూసుకున్నారు. "రాయడం మర్చిపోయానమ్మా" అన్నారు. అని కాసేపాగి, మొహం నిజంగానే సీరియస్‌గా పెట్టి, ఆ 27 వచ్చిన టెస్టు ఇంకోసారి పెడతారా అని అడిగారు.